టైలర్ పిన్ని మౌనం

3 జూన్, ఉదయం 6
ఇవాళ్టి నుంచి మా జైల్లో ధ్యానం. పది రోజులు మౌనం. నలభై మంది ఆడవాళ్లు, ఒక హాలు, కాపలాకి నేను. బ్యారక్‌లో గోల ఉంటేనే వార్డర్‌కి నిశ్చింత. చప్పుడు ఆగిందంటే ఎక్కడో జుట్టూ జుట్టూ పట్టుకోబోతున్నారని లెక్క. ఈ పది రోజులూ నా బీపీ సంగతి దేవుడికే తెలియాలి.

టైలర్ పిన్ని కూడా పేరిచ్చింది. కుట్టు షెడ్‌లో పని. నాకంటే పెద్దది, అందుకే పిన్ని. తోడికోడల్ని మెట్ల మీంచి తోసి చంపిందని యావజ్జీవం వేశారు. జారిపడిందమ్మా అని ఎనిమిదేళ్లుగా ఒకటే మాట. నేను నమ్మాను. అప్పీల్ ఈ నెల 20న. గెలుపు ఖాయమని లాయర్ అన్నాడట. కూతురు ఇంట్లో ఆమెకో గది కూడా సర్దిపెట్టింది.

5 జూన్
ధ్యానంలో ఒకామె గురక పెట్టింది. ఎవరూ నవ్వలేదు. నేనే బయటికెళ్లి నవ్వుకుని వచ్చాను.

9 జూన్
నిద్రమాత్రల కోసం క్యూ లేదు. ఏం మందు పెట్టారని నర్సు నన్నే అడిగింది.

పిన్ని మాత్రం ఏడుస్తోంది. చప్పుడు లేదు, కళ్లు తెరవదు. గంటసేపు అలాగే. పదిహేనేళ్ల సర్వీసులో ఏడుపులు చాలా చూశాను. ఇలాంటిది చూడలేదు.

13 జూన్
మౌనం నిన్నటితో అయిపోయింది. అందరూ ఒకటే వాగుడు. పిన్ని షెడ్‌లో నన్ను పక్కకి పిలిచింది. జారిపడలేదమ్మా, నేనే తోశాను అంది. కళ్లు మూసుకుంటే తన చెయ్యే కనిపించిందట. 20న కోర్టులో అదే చెబుతానంది.

నాకు కోపం వచ్చింది. ఇంకో వారం నోరు మూసుకో పిన్నీ, బయటికెళ్లాక దేవుడికి చెప్పుకో అన్నాను. యూనిఫామ్‌లో ఉండి అనాల్సిన మాట కాదు. అయినా అన్నాను.

పది రోజులు మూసుకున్నందుకే కదమ్మా ఇదంతా అంది.

18 జూన్
కూతురు ములాఖత్‌కి వచ్చింది. తిట్టింది, ఏడ్చింది. మీ ధ్యానం మా అమ్మని మింగేసిందని నా మీద పడింది.

20 జూన్, సాయంత్రం
చెప్పేసిందట. అప్పీల్ కొట్టేశారు. లాయర్ ఫైలు బల్ల మీద పడేసి వెళ్లిపోయాడని వెంట వెళ్లిన ఎస్కార్ట్ కానిస్టేబుల్ చెప్పింది. పిన్ని వ్యాన్‌లో దారి పొడవునా నిద్రపోయిందట.

24 జూన్
సూపరింటెండెంట్ మేడమ్ ఫారం ఇచ్చారు. ధ్యానం వల్ల లాభాలు ఒక గడిలో, నష్టాలు ఒక గడిలో. కొట్లాటలు తగ్గాయి, మాత్రలు తగ్గాయి అని రాశాను. పిన్ని దగ్గర పెన్ను ఆగిపోయింది. ఏ గడిలో రాయాలి?

ఆమె చేసింది తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది. చెప్పింది తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తోంది. ఎనిమిదేళ్లు రోజూ చూశాను, ఈ మనిషిని చూడనే లేదు.

25 జూన్
ఇవాళ పిన్ని బ్యారక్‌కి తాళం వెయ్యడానికి చేతులు రాలేదు. లోపలి నుంచి ఆమే, వెయ్యమ్మా, పర్లేదు అంది.