వీర్స్‌మా గారి దగ్గర ఒక్కటే చోటు

డోకమ్, సోమవారం

చి. హిస్కెకు అక్క దీవించి రాసేది.

ఫోనులో అయితే మూడో మాటకే కొట్టుకుంటాం కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. నేను తల్లిపాల సలహాదారు పరీక్షకు కూర్చోబోతున్నాను. నవ్వకు. ఇన్నేళ్లుగా బాలింతల ఇళ్లకు వెళ్లి మొదటి వారమంతా చాకిరీ చేస్తున్నదాన్ని. బిడ్డ రొమ్ము పట్టక ఏడుస్తుంది, బిడ్డను చూసి తల్లి ఏడుస్తుంది. అప్పుడు నేను "సలహాదారుని పిలిపించుకోండమ్మా" అని పక్కకి తప్పుకోవాలి. ఇంక నావల్ల కాదు. వాళ్లు పిలిచేది నన్నే కావాలి.

పరీక్షకు మూడు దారులున్నాయట. మొదటిది, తల్లులకు పాలివ్వడంలో సాయపడిన గంటలు కూడబెట్టి చూపించడం. నా గంటలు సగం ఆ ఇళ్లలో బట్టలుతకడానికీ, బిడ్డను చూడ్డానికొచ్చిన చుట్టాలకు రస్కు మీద వెన్న రాసి సోంపు మిఠాయి చల్లిపెట్టడానికే పోయాయి. వాటిని ఎవరు లెక్కేస్తారు? రెండోది కాలేజీ చదువు. నా కూతురి ఈడు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోమంటావా? మూడోది, పేరున్న సలహాదారు దగ్గర శిష్యరికం. మన చుట్టుపక్కల శిష్యుల్ని తీసుకునేది వీర్స్‌మా గారొక్కరే, అదీ ఒక్కరినే. దరఖాస్తు పెట్టేశాను.

ఇట్లు,
నీ అక్క ఫ్రౌక్యా

తా.క.: నీకు ఇలాంటి ఆలోచనలేమీ లేవుగా? ఊరికే అడుగుతున్నా.


బోల్స్‌వర్ట్, బుధవారం

అక్కకి హిస్కె నమస్కారాలు.

ఉన్నాయి. నిన్ననే వీర్స్‌మా గారింట్లో కాఫీ తాగి, దరఖాస్తు చేతికిచ్చి వచ్చాను.

నువ్వేమో బాలింతల ఇళ్లలో జీతానికి పనిచేస్తావు. నేను మా తల్లుల సంఘంలో జీతం లేకుండానే పాలు పట్టించడం నేర్పుతున్నాను. "నాకు నువ్వు చెబితేనే అర్థమవుతుంది హిస్కె" అని ఎంతమంది అన్నారో! నేనెందుకు పెట్టకూడదు దరఖాస్తు? చిన్నప్పుడు స్కేట్లూ నీకే, కిటికీ పక్క మంచమూ నీకే. ఇప్పుడు వీర్స్‌మా గారు కూడా నీకేనా?

ఆవిడ నన్ను చాలా మెచ్చుకుంది. "ఓపికగా వింటారే" అంది. నీ గురించి అడిగితే "చేతులు మంచివి" అని ఊరుకుంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు, ఒట్టు.

ఇట్లు,
నీ చెల్లెలు హిస్కె

తా.క.: ఆదివారం కేకు చేస్తున్నాను, కాఫీకి రా. ఎందుకో నేను చెప్పక్కర్లేదనుకుంటాను.


డోకమ్, శనివారం సాయంత్రం

హిస్కెకు,

దీవెనలు ఈసారికి లేవు.

పొద్దున్నే మా ఆయన వంటింట్లోకి వచ్చి, ముద్దుపెట్టి, "మీ చెల్లెలి విషయంలో అభినందనలు" అన్నాడు. మొగుడికి కూడా నాకంటే ముందే తెలిసిందన్నమాట! చేతిలోని గుడ్డ మొహాన విసిరికొట్టాను. సంతకెళ్తే జున్ను అమ్మే సీబె కూడా చెయ్యి చాపి అదే మాట. పళ్లు కొరుక్కుంటూ థాంక్స్ చెప్పాను. అంతలో ఎదురుగా ఎవరు? సాక్షాత్తూ వీర్స్‌మా గారు! సైకిల్ దిగి మరీ నా రెండు చేతులూ పట్టుకుని ఊపింది. "మీ చెల్లెలి విషయంలో అభినందనలండీ! మిగతాది సోమవారం ఉత్తరంలో రాస్తాను" అంది. మిగతాది ఏముంటుంది? "క్షమించండి, చోటు లేదు" అనేగా!

నాకు ఒళ్లు మండిపోయిందే. అవును, కుళ్లే! ఎందుకు దాచుకోవాలి? నేను పసిబిడ్డల వాంతులు తుడుస్తుంటే నువ్వు చల్లగా కూర్చుని కబుర్లు చెప్పి చోటు కొట్టేశావు. పైగా దానికి కేకొకటి, నన్ను పిలవడమొకటి!

నాకూ పౌరుషం ఉంది. ఇంటికి రాగానే వీర్స్‌మా గారికి చీటీ రాశాను. "నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను. కారణాలు నా సొంతం. దయచేసి బతిమాలకండి" అని. మా ఆయన "ఒక రాత్రి ఆగి పంపవే" అంటున్నా వినకుండా, సైకిలేసుకెళ్లి ఆవిడ తలుపు సందులో వేసి వచ్చాను.

ఇట్లు,
ఫ్రౌక్యా

తా.క.: రేపు నేను రాను. కేకు పొంగకుండా పోవాలని కోరుకుంటున్నాను.


బోల్స్‌వర్ట్, మంగళవారం

అక్కకి,

మొన్న శనివారం నా పుట్టినరోజు.

మన దేశంలో ఎవరి పుట్టినరోజైనా ఇంటిల్లిపాదికీ అభినందనలు చెబుతారు కదే! పోయినేడు నా పుట్టినరోజుకి బావగారి చెయ్యి ఊపి నువ్వు చెప్పలేదూ? మొన్న ఆయన, అందరిళ్లలోలాగే మీ మరుగుదొడ్డి గోడకున్న పుట్టినరోజుల కాలెండర్ చూసి చెప్పాడు. సీబెకి నేనే చెప్పాను, జున్ను తెప్పించుకున్నప్పుడు. వీర్స్‌మా గారు నా దరఖాస్తులో తారీఖు చూసింది. ఊరంతటికీ గుర్తుంది, నా తోడబుట్టినదానికి తప్ప.

ఇప్పుడు కూర్చుని చదువు. శనివారం పొద్దున ఆవిడ నాకు ఫోన్ చేసింది. "పుట్టినరోజు నాడు ఈ మాట చెప్పాల్సొస్తోంది, ఏమీ అనుకోకండి. చోటు మీ అక్కగారికి ఇస్తున్నాను. ఆవిడ చెయ్యి వేస్తే బిడ్డ నోరు దానంతటదే తెరుచుకుంటుందని తల్లులు చెబుతున్నారు" అంది. నీకు సోమవారం రాయబోయిన "మిగతాది" అదేనే పిచ్చిమొహమా! ఆదివారం చుట్టాలంతా వరసగా కుర్చీల్లో కూర్చుని కేకు తింటుంటే నేను వంటింట్లో కుళ్లుకుని ఏడ్చాను. నిన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నిన్న ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది. "మీ అక్కగారు వద్దన్నారు. బతిమాలొద్దని కూడా రాశారు, అందుకని బతిమాలలేదు. మీరు..." అంటుండగానే నేను "వస్తాను" అనేశాను. నీకోసం ఆగాలనిపించలేదా అంటావేమో. అనిపించింది, ఫోన్ పెట్టేశాక.

ఇవాళే చేరాను.

ఇట్లు,
నీ చెల్లెలు హిస్కె

తా.క.: మొదటి పాఠం చెప్పింది. ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా వినకుండా ఏమైందో తేల్చెయ్యకూడదట. నువ్వుండి ఉంటే బాగుండేది అక్కా.