కొండ మింగిన బురద

ఎస్ఫంద్ 3
ఏడాది ఆఖరి నెలలో మా ఊరి కొండ మీద చమురు బావి తవ్వే రిగ్ మొదలైంది. జియాలజిస్టును నేనే. రాతిపొరలు కమానులా వంగినచోట, పైన ఉప్పుపొర మూతలా పగలకుండా ఉంటే, కింద చమురు నిలుస్తుంది. సీస్మిక్ సర్వేలో కమాను బాగుంది. మూత సంగతే తెలియదు.
చలికాలమంతా కొండ కింద గుడారాల్లో ఉండే ఖొదాకరం మామ గొర్రెల్ని కింద వదిలేసి పెరుగు పట్టుకొచ్చాడు. చమురు పడితే మా గుడారంలోనూ బల్బు వెలుగుతుందా అల్లుడూ అన్నాడు. నవ్వేశాను.

ఎస్ఫంద్ 12
పై సున్నపురాయి తగిలింది. తవ్వేటప్పుడు బావిలోకి పంపే రసాయనాల బురద పైకి తిరిగి రావడం లేదు. ఎంత పోసినా కొండ మింగేస్తోంది. ఈ రాయే కింద మా ఊట దగ్గర బయటపడుతుంది. ఆపమన్నాను. నీ అనుమానానికి రిగ్ ఆపితే పైవాళ్ళకి నువ్వు చెప్తావా అన్నాడు మేనేజర్ బహ్రామీ. చెప్పాను. కానివ్వమన్నారు.

ఎస్ఫంద్ 14, ఉదయం
ఊట బూడిదరంగులో వస్తోంది.

సాయంత్రం
పెద్ద గొర్రెలు మూతి పెట్టి వెనక్కి తిరిగాయి. దాహం ఆగని గొర్రెపిల్లలు తాగి నురగ కక్కాయి. గోల్‌బస్ అత్త ఒకదాన్ని ఒళ్ళో వేసుకుని మూతి తుడుస్తూనే ఉంది. అది అప్పటికే చచ్చిపోయింది.
మామ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అంత చదివావు కదరా, నీ మాటైనా వాళ్ళు వినరా అన్నాడు.

ఎస్ఫంద్ 17
కంపెనీ వాళ్ళు నీళ్ళ ట్యాంకర్ పంపారు. మలుపు తిరగలేక సగం దారిలోనే ఆగింది. రోడ్డు వేయిస్తామంటున్నారు. ఎప్పుడో?

ఎస్ఫంద్ 19
మామ వాళ్ళు గుడారాలు విప్పేశారు. వేసవి మేతకు ఈసారి ముందే బయల్దేరారు. కనుమలో ఇంకా మంచే అన్నాను. మంచైతే కరిగించుకుని తాగుతాం, దీన్నేం చేసుకుంటాం అంది అత్త. గాడిద మీద సామాను నేనే కట్టాను. మామ నా ముడి విప్పి తనే మళ్ళీ కట్టుకున్నాడు.

ఫర్వర్దీన్ 1
కొత్త సంవత్సరం. రిగ్ ఆగలేదు.

ఫర్వర్దీన్ 9
చమురు ఉండాల్సిన అడుగు పొర చేరాం. ఉప్పునీరు. మూత ఎప్పుడో పగిలింది. చమురంతా మనుషులు పుట్టకముందే కారిపోయింది. నీ తప్పేం లేదులే అని బహ్రామీ భుజం తట్టాడు. సిమెంటు పోసి బావి మూసేశారు. సామాను ఇంకో లోయలో ఉన్న తర్వాతి కమానుకి కదులుతోంది. నేనూ వెళ్ళాలి.

ఫర్వర్దీన్ 15
మామ ఫోన్ చేశాడు. కనుమ మూసే ఉందట. కింది లోయలో దిగారట. గడ్డి బాగుంది, నీళ్ళు తియ్యగా ఉన్నాయన్నాడు. మళ్ళీ ఎక్కడ తవ్వుతార్రా, చెప్పు, అటు పోము అన్నాడు. తర్వాతి బావి గుర్తు పెట్టిన మ్యాపు నా ముందే ఉంది. లోయ పేరు ఇంకోసారి అడిగాను.
అదే పేరు చెప్పాడు.