నాన్నమ్మ పాత చీరతో బొంత

బందరు

అక్కా,

అన్యాయం చేసింది నాన్నమ్మే. నీకు పుట్టబోయే బిడ్డకని నేను ముచ్చటపడి కుట్టిన కలంకారీ జుబ్బాను పెట్టెలో పడేసి, "బిడ్డ పుట్టకుండానే కొత్తబట్టలేంట్రా, కీడు!" అంది. మూఢనమ్మకమని అరిచి, అన్నం తినకుండా బస్సెక్కేశాను. ఫోన్ చేస్తే మళ్లీ అరుస్తానని ఈ కార్డు రాస్తున్నాను.

నిన్న ఇంకో జుబ్బా కుడుతుంటే, నా గదిలోనే ఉండే కాలేషా దాన్ని చెంపకు రాసుకుని, "ఒరేయ్, ఇది పిల్లాడికా, గిన్నెలు తోమడానికా?" అన్నాడు. నేనూ రాసుకుని చూశాను. నిజంగానే గరుకు. కీడు సంగతి చచ్చినా ఒప్పుకోను గానీ, పసి ఒంటికి ఉతికి ఉతికి నలిగిన చీరే మెత్తన. అందుకని బొంత కుడదామనుకుంటున్నాను. నాన్నమ్మ పాత నేతచీర ఒకటి అడిగి ఉంచు. నేనే అడిగానని చెప్పు. ఆవిడ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? నువ్వు మందులు మానకు. అమ్మకు నమస్కారాలు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికల్లా అందరూ వసారాలో చాప మీదికి రావాలి. బొంతకు తలో వైపు కూర్చుని కుడదాం. నాన్నమ్మ సూదిలోకి దారం నేనెక్కిస్తాను.

నీ తమ్ముడు,
వెంకటసాయి