బావగారి ముందు ‘స్టాప్’

జూన్ 3
బస్సు మళ్ళీ నేను దిగాల్సిన స్టాప్ దాటేసింది. కండక్టరుకు వినపడేట్టు ‘స్టాప్’ అనలేక… వెనక్కి నడక. వేమగల్‌లో మామిడి రసం ఫ్యాక్టరీకి ఆలస్యం. నాకు ట్రయలు ఈ నెలాఖరు దాకా. ఉంచుకుంటారో, పంపేస్తారో.

జూన్ 5
బాటిళ్ళ లైనులో తప్పు కనిపిస్తే ఎవరైనా గట్టిగా ‘స్టాప్’ అనాలి. లీడరు బెల్టు ఆపుతాడు. మా లీడరు బావగారు — మా ఈయనకు సొంత అన్న. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ముందు గొంతెత్తదు. చేతికందిన చెడ్డ బాటిళ్ళు తీసి పక్కన పెట్టడమే. అందనివి పోతున్నాయి.

జూన్ 6
బావగారు ఈయనతో చెప్పి పంపినారు. “లైను మీద నేను బావను కాదు, లీడరును. ఇంగ పలక్కపోతే ఉంచుకోమని నేనెట్ల అడిగేది?”
ఈయనకు నవ్వు. నాకు రాలేదు.

జూన్ 9
అత్తమ్మ ఇంగ్లీషు టీచరుగా రిటైరైనామె. ‘స్టాప్’ అనే మాట యాడిదని అడిగినాను. రాగులు చెరుగుతా చెప్పింది — మొదట్లో దానికి ఆపడమని అర్థం లేదంట. కన్నంలో నార కుక్కి మూసేదంట. ఆపడం తర్వాత వచ్చిందంట.
సుగటూరులో మా పుట్టింటి బోరు కాలవ గట్టుకు ఎలుక బొక్క పడితే గడ్డి కుక్కేదాన్ని. నీళ్ళు పోతుంటే ఎవరిని అడుగుతాం?
“ఇంగ నీకు రానిదేముండాది?” అనింది అత్తమ్మ.

జూన్ 11
అన్నాను.
మూతి పగిలిన గాజు బాటిలు. చెయ్యి చాపేలోగా దాటిపోయింది. దాని వెనకే ఇంకోటి. బావగారు అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నారు. గట్టు తెగినట్టే…
“స్టాప్!”
నా గొంతేనా? బెల్టు ఆగింది. అందరూ నావైపే. తలమీదికి కొంగు లాక్కోబోతే — టోపీ. బావగారు బాటిలు వెలుతురుకు పెట్టి చూసినారు. లోపల గాజు పెచ్చు. ముందు పోయిన పెట్టెలన్నీ వెనక్కి తెప్పించినారు.
సాయంత్రం బస్సులోనూ అన్నాను. సరిగ్గా మా స్టాప్‌లోనే దిగినాను. కండక్టరు — “ఇంత గొంతు యాడ దాచినావమ్మా?”

జూన్ 12
రాగి సంగటి వడ్డిస్తున్నాను. చాలంటే తినే తట్టకు చెయ్యి అడ్డం పెట్టేవారు బావగారు, ఇన్నాళ్ళూ. ఈరోజు తల దించుకునే — “స్టాప్.”
నవ్వి నవ్వి అత్తమ్మకు పొలమారింది. నేనూ నవ్వినాను, ఆయన ముందే, పైకే. ఇంకో ముద్ద వేసినాకే ఆపినాను.

జూన్ 29
రేపు ఉంచుకునేవాళ్ళ పేర్లు చెప్తారు. నా పేరుందా అని ఈయన అడిగితే, బావగారు మీసంలో నవ్వుకున్నారంట. అంతే.
రేపటికని టోపీ, కోటు ఉతికి ఆరేసినాను. మబ్బు పట్టుతా ఉంది. తీసేయమంటాడు ఈయన.
తియ్యను.