వరసగా పడిన ఫోటోలు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది నీకు చేరదు. అయినా ఇవాళ జరిగింది నీకే చెప్పాలి.

చదువుకుంటూనే శనివారాల్లో నాటింగ్‌హామ్‌లోని తెలుగువాళ్ల ఇళ్లకు వెళ్లి ఫ్యామిలీ ఫోటోలు తీస్తున్నాను. పిల్లలు కళ్లు మూస్తారని బటన్ నొక్కిపట్టి వరసగా తీసేస్తాను. ఇవాళ ఒక పాప ఎంతకీ నవ్వలేదు.

"పిల్లకి ఇదేనా నువ్వు నేర్పింది?" అంటూ వాళ్ల నాన్న పాప తల్లిని కొట్టాడు. దీనికి మెత్తటి మాట వెతకను. ఆమె తల గోడకు తగిలింది. పెదవి చిట్లి రక్తం పాప తెల్లగౌను మీద పడింది. నా వేలు బటన్ మీదే ఉండిపోయింది; ఫోటోలు పడుతూనే ఉన్నాయి.

"డిలీట్ చెయ్‌రా!" అని నా గొంతు నొక్కాడు. కెమెరా లాక్కుని నేలకేసి బాదాడు. లెన్సు ముక్కలైంది.

ఆమె వంగి, పగిలిన కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి పిడికిట్లో బిగించింది.

"పోలీసులకి ఫోన్ చెయ్, తమ్ముడూ. ఈసారి జారిపడ్డానని చెప్పను."

పోలీసులు వచ్చి ఫోటోలు ఒక్కొక్కటీ చూశారు. అతన్ని తీసుకెళ్లారు.

నువ్వు మెట్ల మీంచి జారిపడ్డావని మీ ఆయన చెప్పిన రోజు, అక్కా, మా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు.