ఎండ సోకరాని మాత్రలు

ఆసుపత్రి ఆఫీసు సూపరింటెండెంట్ గారికి,
ఎక్స్‌రే టెక్నీషియన్ నమస్కరించి రాయునది.

నాకిప్పుడు నాలుగో నెల. రోగి మంచం దగ్గరికే మిషన్ తోసుకెళ్లి ఎక్స్‌రే తీసే డ్యూటీ నాది. రోజుకు పన్నెండు తీస్తున్నాను. కాన్పయ్యేదాకా రిపోర్టుల గదికి మార్చండి. అక్కడ మిషన్ లేదు, టైపు పనే. కడుపులో బిడ్డ సంగతి కాబట్టి త్వరగా తేల్చగలరు.

ఇట్లు,
టెక్నీషియన్

తా.క.: సీసపు ఏప్రాన్ తాళ్లు నడుముకు అందడం లేదు. కట్టుగుడ్డ కలిపి ముడేశాను.

*

టెక్నీషియన్ అమ్మాయికి ఆశీస్సులు.

విని సంతోషించాం. రిపోర్టుల గదిలో పోస్టు లేదు. కంగారు పడకు. రేడియేషన్ నుంచి కడుపులో బిడ్డను కాపాడే పోషకాల మాత్రలు ఇరవై పెట్టెలు తెప్పించాం. ఎలుకల మీద పరీక్షించారట, పిల్లలు నిక్షేపంగా పుట్టాయట. ఒక సీసా పంపుతున్నాను. పూటకు రెండు వేసుకుని నిశ్చింతగా డ్యూటీ చేసుకో.

శుభం కోరే,
సూపరింటెండెంట్

తా.క.: ఎలుకలేవీ బదిలీ అడగలేదని కంపెనీ మనిషి మరీ మరీ చెప్పాడు.

*

అయ్యా,

సీసా అందింది. మా డాక్టరమ్మకు చూపించాను. "కిరణాన్ని ఆపేది దూరం, సీసపు గోడ. మాత్ర కాదు. నేను రాసిన మందులు చాలు, ఇది పక్కన పెట్టమ్మా" అన్నారు. ఎలుకలకు కిరణాలు తగిలింది ఒక్కసారేనని సీసాతో వచ్చిన కాగితంలో ఉంది. అవి నాలాగా వార్డులు తిరగలేదు. దయచేసి గది ఇప్పించండి.

విధేయురాలు,
టెక్నీషియన్

తా.క.: సీసా మీద "ఎండ సోకితే పాడవును" అని రాసి ఉంది. మా అత్తగారు చదివి, "ఎండకే తాళలేనిది మీ మిషన్‌ని ఏం ఆపుతుందే, పిచ్చి మొహమా!" అన్నారు.

*

అమ్మాయ్,

మీ అత్తగారు చాలా తెలివైనవారు. ఆ సంగతి మా కంట పడలేదు. స్టోరు కిటికీ పడమర వైపు. ఎండంతా పెట్టెల మీదే! వెంటనే కమిటీ కూర్చుంది. ఎండ గానీ, రేడియేషన్ గానీ సోకని గది ఒక్కటే తేలింది: రిపోర్టుల గది. పెట్టెలన్నీ అక్కడికి చేర్చాం. నువ్వు కూర్చుందామనుకున్న కుర్చీలోనే మూడు పెట్టెలున్నాయి. అందువల్ల నీ దరఖాస్తు తిరస్కరించడమైనది.

నీ మేలు కోరే,
సూపరింటెండెంట్

తా.క.: స్టాకు పక్కన మనిషి ఉండాలని, పూటకోసారి గది వేడి చూసి రాయాలని రూలు. మాత్రల కోసం అనేసరికి పోస్టు గంటలో మంజూరైంది. ఎవరైనా ఉంటే చెప్పు.

*

అయ్యా,

నేనున్నాను. థర్మామీటరు చూడటం వచ్చు.

విధేయురాలు,
టెక్నీషియన్

తా.క.: వార్డుల మిషన్ మా సీనియర్ తీసుకుంటారట. "నాకు ఏప్రాన్ సరిపోతుందిలే" అన్నారు.

*

అమ్మాయ్,

నియమించడమైనది. ఒక్కటే షరతు. ఇకపై నువ్వు మిషన్ ఛాయలకు కూడా వెళ్లరాదు. నీవల్ల మాత్రలకు రేడియేషన్ అంటితే బాధ్యత నీదే. అవి చాలా సున్నితమైనవి.

ఇట్లు,
సూపరింటెండెంట్

తా.క.: మాత్రలు బిడ్డను కాపాడాయా, ఎలా వాడావు అని కంపెనీ అడుగుతోంది. రెండు ముక్కలు రాసి పంపు.

*

అయ్యా,

కుర్చీలో పెట్టెలు దించి, కూర్చుని రాస్తున్నాను. కాపాడాయి.

విధేయురాలు,
మాత్రల కాపలాదారు

తా.క.: వాడిన విధానం: సీసా మూత తీయకుండా, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోవాలి.