దానిమ్మ కింద వెన్నకుండ

తూడాకి,

కాసాబ్లాంకాలో నేను క్షేమం, దగ్గు తగ్గింది. కుక్క దానిమ్మ మొదలంతా తవ్వేస్తోందని, మిరప్పొడి చల్లినా మానడం లేదని రాశావు. దాన్ని కొట్టకు, తప్పు నాది. మన అమ్మాయి ఇట్టో పుట్టిన వారం, దాని పెళ్ళిలో వడ్డించాలని మన ఆచారం ప్రకారం ఉప్పేసి పాతిన వెన్నకుండ కోళ్ళగూటి దగ్గర లేదు. మీ తమ్ముడు రొట్టెకి అద్దుకు తినేస్తాడని దానిమ్మ కిందికి మార్చి, నీకు చెప్పడం మరిచాను. పంతొమ్మిదేళ్ళ వెన్న, కుక్క ముక్కుకి అందదూ?

నీ ఉత్తరం వినిపిస్తే, నా గదిలో ఉండే హమ్మూ పడీ పడీ నవ్వాడు. "ఒరే బాస్సూ, పిల్ల పెళ్ళీడుకొచ్చిందని కుక్కకి తెలిసింది, నీకే తెలీలేదు!" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. పిల్లనడిగిన వాళ్ళకి ఏడాదిగా "ఇంకా చిన్నది" అంటున్నది నేనే కదా.

కుండ ఉన్నచోట తిరగలిరాయి దొర్లించు. కుక్కని కొట్టంలో కట్టి ఓ ఎముక పడెయ్యి. నీ మోకాలికి నూనె రాస్తున్నావా? పిల్లనడిగిన వాళ్ళకి సరేనని కబురు పంపు. ఇట్టోకి నా దీవెనలు. కుండ నేనే వచ్చి తవ్వుతాను. ఆ రోజు మాత్రం కుక్కని విప్పెయ్యి, ఒక్కణ్ణే తవ్వలేను.

బాస్సూ